‘పర్లేదు’ అంటే ఎన్ని డిగ్రీలు?

మా వృత్తికి తెలుగులో పేరు లేదు. డిగ్రీ కాగితం మీద మెకానికల్ ఇంజినీరింగ్ అని ఉంటుంది, విజిటింగ్ కార్డు మీద ఇంకేదో పొడుగాటి ఇంగ్లీషు ఉంటుంది. తాడేపల్లిగూడెంలో మా నాన్నగారు మాత్రం ఎవరడిగినా, "మా అమ్మాయి హైదరాబాదులో ఏసీలు బాగుచేస్తుందండి" అనేవారు. విన్నవాళ్లు ఆయన వంక జాలిగా చూసేవారు. ఆఫీసులో నన్ను ‘ఏసీ మేడమ్’ అనేవాళ్లు. నాకు ఆ పేరే నచ్చింది. అందులో అబద్ధం లేదు.

పెద్ద ఆఫీసు భవనాల్లో చల్లదనం, గాలి, వెలుతురు, వాటికయ్యే కరెంటు చూసుకోవడం నా పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నాకంటే బాగా చదువుకున్నారు, వాళ్ల చేతుల్లో మంచి పరికరాలున్నాయి. అయినా వాళ్ల మాటలు వింటే నాకు ఒక్కోసారి ఒళ్లు మండుతుంది, ఎందుకంటే తొంభైల చివర మేము పడిన గోతిలోనే వాళ్లూ ఉత్సాహంగా దూకుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నావి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక పెద్దగా మారిందేమీ లేదు.

మనం చూసేది యంత్రాలను కాదు

ఈ పనిలో చేరిన కొత్తలో యంత్రాలే అంతా అనుకుంటాం. మేడ మీద నీళ్లు చల్లబరిచే టవర్లు, కింద హోరుమంటూ చల్లదనం పుట్టించే చిల్లర్లు, గాలిని మోసుకుపోయే రేకు గొట్టాలు. అవి చెప్పినట్టు వింటాయి. చెడిపోతే ఎక్కడ చెడిపోయిందో చూపిస్తాయి. మనుషులు అలా కాదు.

ఒకే హాల్లో ఒకరు శాలువా కప్పుకుని కూర్చుంటారు, పక్కనే ఇంకొకరు ఫైలుతో విసురుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ మాట ఒప్పుకోలేనివాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది. మా కాలంలో ఒక చిట్కా ఉండేది. పోరు పడలేని చోట గోడకు చల్లదనం పెంచి తగ్గించే థర్మోస్టాట్ ఒకటి బిగించి, దానికి తీగ కలపకుండా వదిలేసేవాళ్లం. జనం వచ్చి దాన్ని తిప్పుకుని, "హమ్మయ్య, ఇప్పుడు బాగుంది" అని వెళ్లిపోయేవాళ్లు. నేనూ పెట్టించాను. అందులో నాకేం సిగ్గు లేదు. మనిషికి చల్లదనంతోపాటు తన మాట చెల్లిందన్న తృప్తి కూడా కావాలని ఆ ఉత్తుత్తి డబ్బాలే నాకు నేర్పాయి.

చలి పుట్టాలి

అప్పటి మాదాపూర్‌ని ఇప్పటి పిల్లలు ఊహించుకోలేరు. ఎటు చూసినా బండలు, ఆ బండల మధ్య మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడలు. పగలంతా ఎక్కడో ఒకచోట రాయి పేల్చే చప్పుడు. చందానగర్‌లో బస్సెక్కి, దిగి, నడిచి ఆఫీసు చేరేసరికి నా చీర కుచ్చిళ్లు ఎర్రగా ఉండేవి. ఆ దుమ్ములోంచి లోపలికి అడుగు పెడితే పళ్లు టకటకలాడేంత చలి.

ఆ చలి మా జనరల్ మేనేజరు మూర్తిగారి పుణ్యం. గుంటూరు మనిషి. భవనం, సిబ్బంది హాజరు, క్యాంటీను అన్నీ ఆయన కిందే. మంచివారే. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆయనే ఆస్పత్రికి వెళ్లేవారు. కానీ ఒకటి పట్టుకుంటే వదిలేవారు కాదు.

"ఏసీ అంటే చలి పుట్టాలమ్మా. పుట్టకపోతే ఫ్యాన్లు పెట్టుకోవచ్చుగా" అనేవారు.

విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారంటే ఇంకా తగ్గించమనేవారు. మంచు దేశాల నుంచి వచ్చినవాళ్లు పాపం మా హాల్లో కోట్లు విప్పకుండా కూర్చునేవారు. నడి వేసవిలో మా అమ్మాయిలు స్వెట్టర్లు తెచ్చుకునేవాళ్లు. ఒక అంతస్తులో అయితే ఇద్దరు మగవాళ్లు మంకీ క్యాప్ పెట్టుకుని ప్రోగ్రాములు రాశారు. వెళ్లి చూస్తే, వేడి కొలిచే సెన్సారును కాంట్రాక్టరు టీ మిషన్ పైన బిగించాడు. టీ కాగినప్పుడల్లా దానికి హాలంతా మండిపోతున్నట్టు అనిపించేది. నేను దాన్ని మార్పించాను. మంకీ క్యాప్ పెట్టుకున్న ఆయన, "పర్లేదు మేడమ్, అలవాటైపోయింది" అన్నాడు.

ఆ మాట అప్పుడే చెవిలో పడాల్సింది. నవ్వుకుని వచ్చేశాను.

తర్వాత కరెంటు బిల్లు చూసి పైవాళ్లు గుండె పట్టుకున్నారు. మూర్తిగారికి అక్షింతలు పడ్డాయి. అంతే, ఆయన చలి పక్షం నుంచి పొదుపు పక్షానికి గంతేశారు. ఇక్కడా అంతే పట్టుదల.

ఏజెంట్లు దిగారు

సరిగ్గా అప్పుడే కేశవ్ వచ్చాడు. సికింద్రాబాదు కుర్రాడు. ఎక్కడో ఉత్తరాన, ఆరు నెలలు మంచు కురిసే దేశంలో ఈ విషయం మీదే డాక్టరేటు చేశాడు. ‘సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు’ అనే ప్రోగ్రాములతో భవనాన్ని నడిపించవచ్చని మా కంపెనీని ఒప్పించాడు. మూడో అంతస్తు పడమటి వైపు ప్రయోగానికి ఇచ్చారు.

చిల్లర్లు నడిపే యాదగిరి ఈ కబురు విని నా దగ్గరికొచ్చాడు. "ఏజెంట్లు అంటే ఏంది మేడమ్? మల్ల పాలసీలు కట్టాల్నా?"

కేశవ్ నవ్వలేదు. మంచివాడు, కానీ నవ్వడం తక్కువ. కూర్చోబెట్టి మా ఇద్దరికీ వివరించాడు. ప్రతి మనిషికీ కంప్యూటర్లో ఒక ఏజెంటు ఉంటుంది. ఆ మనిషికి ఎంత చల్లదనం ఇష్టమో అది నేర్చుకుంటుంది. కరెంటు పొదుపు చూడటానికి ఒక ఏజెంటు. ప్రతి గదికీ ఒక ఏజెంటు. మనిషి తరఫు ఏజెంటు "మావాడికి ఉక్కగా ఉంది" అంటుంది. పొదుపు ఏజెంటు "ఇంకాస్త ఓర్చుకోమను" అంటుంది. గది ఏజెంటు మధ్యలో పెద్దమనిషిలా కూర్చుని తగవు తీర్చి, ఎంత గాలి వదలాలో చెబుతుంది.

"అంటే పంచాయితీ అన్నట్టు" అన్నాడు యాదగిరి.

"కరెక్ట్. పంచాయితీయే" అన్నాడు కేశవ్, కొంచెం తెరిపినపడి.

నాకు ఆ ఆలోచన నిజంగా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. హాలంతటికీ ఒకే అంకె పెట్టి, నచ్చితే ఉండు లేకపోతే పో అనడం కంటే, ఒక్కొక్కరి తరఫున ఒకరు అడగడం ఎంతో మర్యాద. ఏజెంటు అంటే అదే కదా, మన తరఫున మాట్లాడేది.

ఇంకో ఏర్పాటు కూడా ఉంది. అందరి మెడలో ఉన్న గుర్తింపు కార్డులో చిన్న బిళ్ల పెట్టారు. ఎవరు ఏ చోట ఉన్నారో అది కంప్యూటరుకు చెబుతుంది. ఒక చోటు ఖాళీ అయితే అక్కడ దీపాలు, గాలి తగ్గిపోతాయి. మనుషులు లేనిచోట చల్లదనం దండగ కదా.

మరి మనిషికి ఏం కావాలో ఏజెంటుకు ఎలా తెలుస్తుంది? అడిగి తెలుసుకుంటుంది. అప్పుడప్పుడూ తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ‘మీకు ఎలా ఉంది?’ అని ఉంటుంది. కింద బటన్లు: బాగా వేడి, కొంచెం వేడి, మధ్యలో ఒకటి, తర్వాత కొంచెం చలి, బాగా చలి. ఇంగ్లీషులో ఆ మధ్య బటన్ మీద ‘న్యూట్రల్’ అని ఉండేది. తెలుగులో పెడితే బాగుంటుందని కేశవ్‌కు ముచ్చట. "న్యూట్రల్‌ని ఏమంటారు సార్?" అని మూర్తిగారిని అడిగాడు.

"పర్లేదు అని పెట్టవయ్యా" అన్నారాయన.

పెట్టాడు.

పొదుపు ఏజెంటుకు ఒక సూత్రం ఉండేది. వేడి అని ఎవరూ అనకపోతే అర డిగ్రీ పెంచి చూస్తుంది. ఆగుతుంది. అప్పుడూ ఎవరూ అనకపోతే ఇంకో అర డిగ్రీ. ఎవరైనా వేడి అనగానే వెనక్కి తగ్గుతుంది.

"అక్కడ జనం ఊరుకోరు మేడమ్. కొంచెం తేడా వచ్చినా నొక్కేస్తారు. సిస్టమ్ దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు కేశవ్.

నిజమే. అక్కడ సిస్టమ్ సర్దుకుంటుంది. ఇక్కడ మనుషులు సర్దుకుంటారు.

అందరికీ హాయి

ఎండలు ముదిరాయి. మూడో అంతస్తు పడమటి అద్దాల మీద మధ్యాహ్నం నుంచీ ఎండ తిన్నగా పడేది. అప్పటి కంప్యూటర్ల తెరలు ఇప్పటిలా పలకలు కావు, వెనకాల పెద్ద పొట్టలుండేవి. ఒక్కొక్కటీ చిన్న కుంపటి. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయంతో దేశదేశాల పాత ప్రోగ్రాములన్నీ మనవాళ్లే సరిదిద్దుతున్న రోజులవి. ఆ వరుసల్లో ఊపిరి సలపని పని.

పొదుపు ఏజెంటు అర డిగ్రీ పెంచింది. పర్లేదన్నారు. ఇంకో అర డిగ్రీ పెంచింది. పర్లేదన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇది అమ్మ కూడా కాదు, ప్రోగ్రాము. ఎక్కుతూ పోయింది.

మూర్తిగారు గాల్లో తేలిపోతున్నారు. పొదుపు గీత తెర మీద పైకి పోతుంటే పైవాళ్లను పిలిచి చూపించారు. నేను థర్మామీటరు పట్టుకుని అక్కడికెళ్లాను. ఇరవై తొమ్మిది దాటింది. గాలి ఆడటం లేదు. ఇంట్లో ఫ్యాను కింద ఇరవై తొమ్మిది హాయిగానే ఉంటుంది. మూసిన అద్దాల వెనక, కుంపట్ల మధ్య అది వేరు.

వరుస మొదట్లో ప్రసాద్ అనే అతను కూర్చునేవాడు. కాకినాడ వైపు మనిషి. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"ఎలా ఉందండీ ఇక్కడ?" అనడిగాను.

"పర్లేదండీ" అన్నాడు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. తర్వాత గొంతు తగ్గించి, "నాకేం ఫరవాలేదు గానీ, ఆ చివర రేణుక గారికే పాపం. అద్దం పక్కన మాడిపోతుంటారండీ" అన్నాడు.

అతని పక్కనామెను అడిగాను. "నాదేముంది మేడమ్, పర్లేదు. ప్రసాద్ గారికే బీపీ. ఆయన్ని చూస్తేనే భయమేస్తుంది."

ఆ వెనకతను తనకు బానే ఉందన్నాడు, ముందున్న ఆమెకు తలనొప్పి వస్తోందని చెప్పాడు. ఇలా వరుసంతా తిరిగాను. ఒక్కరికీ ఏమీ కాలేదు. అందరికీ పక్కవాళ్ల గురించే బెంగ. నాకు నవ్వూ, చిరాకూ ఒకేసారి వచ్చాయి.

కేశవ్ దగ్గరకెళ్లి చెప్పాను. అతను తెర నావైపు తిప్పాడు. "డేటా చూడండి మేడమ్. అందరూ కంఫర్టబుల్‌గా ఉన్నారు."

మూర్తిగారితో చెప్పాను. "నువ్వు మిషన్‌ను నమ్మవమ్మా. అదే నీ జబ్బు" అన్నారు.

మెట్ల మీద

టవర్లు చూడటానికి మేడ మీదకు వెళ్లి, లిఫ్టు బిజీగా ఉంటే మెట్లు దిగి వస్తున్నాను. ఆ మెట్లు ఉత్తరం వైపు ఉంటాయి. ఎండ తగలదు, సిమెంటు గోడలు చల్లగా ఉంటాయి. మూడో అంతస్తు మలుపులో ఒక అమ్మాయి మెట్టు మీద కూర్చుని, ఒళ్లో ప్రోగ్రాముల ప్రింటవుట్ల దొంతర పెట్టుకుని, ఎర్ర పెన్నుతో తేదీలున్న చోట్లు గుర్తు పెడుతోంది. నన్ను చూసి దిగ్గున లేచింది. కాగితాలు మెట్ల మీద జారిపోయాయి.

ఆమే రేణుక. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా పర్మనెంటు కాలేదు.

ఇద్దరం కాగితాలు ఏరుతుంటే అడిగాను. "ఇక్కడెందుకు కూర్చున్నావమ్మా?"

"గిట్లనే మేడమ్. కండ్లు తిరిగినట్టయితున్నయి. ఈడ సల్లగ ఉంటది. కాయితాల మీది పనే కదా, యాడ కూసున్నా అయితది."

"సీటు దగ్గర వేడిగా ఉందా?"

"పర్లేదు మేడమ్."

నాకు తిక్క పుట్టుకొచ్చింది. "పర్లేకపోతే మెట్ల మీదెందుకున్నావు? ఆ పెట్టె వచ్చినప్పుడు వేడి అని నొక్కితే నీ సొమ్మేం పోయింది?"

ఆ అమ్మాయి కాగితాల అంచులు సరిచేసి, సరిచేసి, అప్పుడు చెప్పింది.

"మాది ఖాజాగూడ మేడమ్. మా నాయిన బండలు కొట్టెటోడు. ఎండల కూసొనే కొట్టిండు, ఎండల కూసొనే బువ్వ తిన్నడు. గసొంటి ఇంట్లకెళ్లి వచ్చి, ఏసీల కూసొని నాకు ఉక్కపోస్తున్నదని ఎట్ల నొక్కాలె? నవ్వరా? పైంగ పేరు గూడ పడ్తది కదా. అండ్ల నా పేరు సూస్తే సార్ ఏమనుకుంటరు?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది, కోపం కూడా వచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. మూర్తిగారు పర్మనెంటు చేయాల్సినవాళ్ల కాగితాలు చూస్తూ, ఎవరెంతసేపు సీట్లో ఉంటున్నారో కార్డుల లెక్క తీసి ఇమ్మని కేశవ్‌ను అడిగారట. కేశవ్ అమాయకంగా ఇచ్చేశాడు. రేణుక మధ్యాహ్నాలు సీట్లో లేదని అందులో ఉంది. వారం లోపల సంజాయిషీ చెప్పాలి. లేకపోతే ఇంటికే.

"వేరే సీనియర్లు గూడ లేస్తరు మేడమ్. కాన్ఫరెన్స్ రూముల కూసుంటరు, క్యాంటీన్‌కు వోతరు. ఆళ్లు పర్మనెంటు. నన్ను తీసేస్తే మా నాయినకు ఏమని చెప్పాలె? రాళ్లు కొట్టి సదివిచ్చిండు."

ఆమె మెట్ల మీద ఉన్నంతసేపూ ఆ సీటు ఖాళీ అని కంప్యూటరు అనుకుంటోంది. ఖాళీ కాబట్టి అక్కడ గాలి ఇంకా తగ్గిస్తోంది. ఉక్క భరించలేక మనిషి పారిపోతే, దాన్ని పొదుపు ఖాతాలో వేసుకుంటోంది. మూర్తిగారు గొప్పగా చూపించిన గీతలో కొంత భాగం ఈ అమ్మాయి మెట్ల మీద కూర్చోవడమే.

మూర్తిగారు కుర్చీలో కూర్చున్నారు

నేను ఆయన గదికి వెళ్లాను. గొడవ పడలేదు. ఆయనతో గొడవపడితే ఇంకా బిగుసుకుపోతారని అప్పటికి నాకు తెలుసు.

"సార్, ఆ అమ్మాయి ఫైలు మీద సంతకం పెట్టేముందు, మధ్యాహ్నం పూట ఒక్కసారి ఆమె సీట్లో కూర్చోండి. అక్కడే కూర్చుని పెట్టండి."

"ఏం, అక్కడ దెయ్యాలున్నాయా?"

"లేవండి. కూర్చుంటే మీకే తెలుస్తుంది."

"కూర్చుంటానమ్మా. దానికేముంది" అన్నారు పౌరుషంగా.

వచ్చారు. ఎండ సరిగ్గా అద్దాల మీదుంది. రేణుక లేచి పక్కన నిలబడింది. ప్రసాద్, మిగతావాళ్లు పని చేస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టారు. కేశవ్‌ను కూడా పిలిపించాను. మూర్తిగారు ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టారు. కాసేపటికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకాసేపటికి టై వదులు చేశారు. నుదుటి మీది చెమట కాగితం మీద పడింది. ఆయన తెల్ల చొక్కా లోంచి బనీను అచ్చు తేలింది.

"ఎలా ఉంది సార్?" అనడిగాను.

మూర్తిగారు తలెత్తి అందరినీ చూశారు. ఈ ఏర్పాటు ఆయనదే. పైవాళ్లకు చూపించుకుంది ఆయనే. "ఎలా ఉండటమేంటమ్మా. పర్లేదు" అన్నారు.

ఈ మనిషి ఇక్కడే సొమ్మసిల్లి పడిపోయినా పర్లేదనే అంటాడు, ఆ అమ్మాయి ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు రేణుక ముందుకొచ్చింది. ఆయనతో కాదు, నాతో అంది.

"మేడమ్, సార్‌కు మస్తు ఉక్కపోస్తున్నది. అంగి మొత్తం తడ్సింది. జర గాలి పెంచమనుండ్రి మేడమ్, పెద్దమనిషి, పరేషాన్ అయితున్నరు."

అని, ఏం మాట్లాడానా అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మూర్తిగారు ఆమె వంక చూశారు. తనను తీసేయడానికి కలం పట్టుకుని కూర్చున్న మనిషికి చెమట పడుతోందని బాధపడిన అమ్మాయిని చూశారు.

"నీకు పోయదా అమ్మా, ఉక్క?"

"నాకు పర్లేదు సార్."

"పర్లేదా?" ఆయన రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "నాకూ పర్లేదు. నీకూ పర్లేదు. మరి ఈ కుర్చీలో మనిషన్నవాడు కూర్చోలేడేంటమ్మా?"

రేణుక తల వంచుకుంది. మూర్తిగారు అక్కడే, ఆ సీట్లోనే, ఆమెను పర్మనెంటు చేస్తూ సంతకం పెట్టారు. చెమటకు సిరా కొంచెం పాకింది. లేచి, "కేశవ్, ఆ హాజరు లెక్కలు నాకింక పంపొద్దు" అని వెళ్లిపోయారు.

భోజనాల బంతి

కేశవ్ కదల్లేదు. "మేడమ్, ఆమె తన గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆయన గురించి మాత్రం అడక్కుండానే చెప్పింది" అన్నాడు.

వరుసంతా నాకు చెప్పిన మాటలు అప్పుడు గుర్తొచ్చాయి. నేను నవ్వుకుని వదిలేసిన వాటిలోనే అంతా ఉంది.

"నువ్వెప్పుడూ పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చోలేదా?" అనడిగాను. "నీ విస్తట్లో కూర అయిపోతే నువ్వు అడుగుతావా? వడ్డించేవాడు వస్తే చాలు చాలు అని చెయ్యి అడ్డం పెడతావు. ‘ఇదిగో, ఈయనకు కూర వెయ్యండి’ అని పక్కవాడే అడుగుతాడు. అతని సంగతి నువ్వు చూస్తావు. అందరి కడుపూ నిండుతుంది. ఎవరూ నోరు తెరిచి తమకని అడగరు."

"కానీ ఎవరి కంఫర్ట్ వాళ్లకే కదా మేడమ్ తెలిసేది? థియరీ అంతా దాని మీదే ఉంది."

"తెలుసుకోవడం వేరు, చెప్పడం వేరు బాబూ."

కేశవ్‌ను మెచ్చుకోవాలి. మొండికేయలేదు. రెండు మార్పులు చేశాడు. జవాబుల పక్కన పేర్లు తీసేశాడు. ‘మీకు ఎలా ఉంది?’ అన్న ప్రశ్న తీసేసి, ‘మీ పక్కవారికి ఎలా ఉంది?’ అని పెట్టాడు. ఇక చూడండి. అన్నాళ్లూ మధ్య బటన్ తప్ప నొక్కనివాళ్లు తలెత్తి పక్కకు చూసి మరీ నొక్కడం మొదలుపెట్టారు. ఒకరి ఏజెంటు ఇంకొకరయ్యారు. పొదుపు గీత కొంచెం కిందికి దిగింది, దిగి నిలబడింది. అది నిజమైన పొదుపు.

మెచ్చుకున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ ప్రయోగం ఎక్కువ కాలం సాగలేదు. డబ్బిచ్చేవాళ్ల మోజు తీరింది, కేశవ్ వేరే చోటికి వెళ్లాడు, కార్డుల్లో బిళ్లలు తీసేశారు. మళ్లీ హాలుకొక అంకె పెట్టి కూర్చున్నాం. అది నాకు ఇప్పటికీ బాధే. ఇవాళ మీరు అదే ఆలోచనను కొత్త పేర్లతో తెస్తున్నారు. తెండి, సంతోషం. కానీ మనిషి సుఖం చూడటానికి పెట్టిన కన్నుతో హాజరు చూడకండి. చూశారంటే ఆ మనిషి ఇక మీకు నిజం చెప్పడు. ఫిర్యాదులు లేవు కాబట్టి అంతా బాగుందనే నివేదిక మీ ముందుకొస్తే, ముందు లేచి మెట్ల వైపు వెళ్లి చూడండి.

కొత్త ప్రశ్న పెట్టిన మొదటి రోజు సంగతి చెప్పి ఆపుతాను. ఆయనా చూస్తారని కేశవ్ పంపితే మూర్తిగారి తెర మీద కూడా ఆ పెట్టె తెరుచుకుంది. ‘మీ పక్కవారికి ఎలా ఉంది?’ ఆయనది ఒంటరి గది. పక్కన ఎవరూ లేరు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారట. తర్వాత లేచి, మెట్లెక్కి, మూడో అంతస్తు పడమటి వరుస చివరికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను, గాలి వచ్చే జాలీ సరిచేయిస్తున్నాను. రేణుక ఆయన్ని చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా. ఎలా ఉంది?"

"పర్లేదు సార్."

మూర్తిగారు ఆ అమ్మాయి ముఖంలోకి చూశారు. నుదురు చూశారు. బల్ల మీద తడిసి మడిచిపెట్టిన చేతిరుమాలు చూశారు. కళ్లజోడు సర్దుకుని, ఆమె పక్క సీటు కంప్యూటరు మీదికి వంగి, అక్కడ తెరుచుకుని ఉన్న పెట్టెలో తన వేలితో తనే ‘కొంచెం వేడి’ నొక్కారు.